టీబీ మందులు వాడుతుండగా మళ్లీ జ్వరం, పచ్చ కఫం: ఇంకో ఇన్ఫెక్షన్ అంటున్నారు, ఏం చేయాలి?

పల్నాటి_శ్రీను
మా బావగారికి ఊపిరితిత్తుల టీబీ. యాభై దాటిన మనిషి, షుగర్ ఉంది. ప్రభుత్వ కేంద్రంలో ఇచ్చే నాలుగు మందులు కలిసిన బిళ్లలు రోజూ వేసుకుంటున్నారు. మొదటి నెలలోనే జ్వరం పోయింది, అన్నం సయించింది, కాస్త ఒళ్లు చేశారు కూడా. ఇప్పుడు రెండో నెల చివర్లో ఒక్కసారిగా చలి జ్వరం, పచ్చగా చిక్కటి కఫం, ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పొడుస్తున్నట్టు నొప్పి. టౌన్లో ప్రైవేటు డాక్టర్ ఎక్స్‌రే చూసి టీబీకి తోడు ఇంకో బ్యాక్టీరియా చేరింది అన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ ఏమో టీబీ బిళ్లలు వేడి చేశాయి, ఓ వారం ఆపి లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడదాం అంటున్నాడు. మా అక్కకి టెన్షన్‌తో నిద్ర లేదు. నాకు అర్థం కానిది ఒకటే. రోజూ నాలుగు యాంటీబయాటిక్స్ మింగుతున్న మనిషికి ఇంకో బ్యాక్టీరియా ఎలా వస్తుంది? నిజంగా ఉంటుందా ఇది, టెస్టులు రాయడానికి చెబుతున్న మాటా?

నిమ్మసోడా
టీబీ బిళ్లలు సొంతంగా ఆపొద్దు. మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు. ఇది మాత్రం ఇప్పుడే అక్కకి ఫోన్ చేసి చెప్పండి.

ఓరుగల్లు_వేణు
మా కాకకు అచ్చం ఇట్లనే అయింది. టీబీ తిరగబెట్టిందని ఇంట్లో అందరం ఏడ్చాం. తీరా న్యుమోనియా. ఆస్పత్రిలో పెట్టుకుని ఇంజెక్షన్లు ఇచ్చారు, టీబీ బిళ్లలు కూడా పక్కనే నడిపించారు. ఇప్పుడు పొలం పనికి పోతున్నాడు.

రిటైర్డ్_మాస్టారు
ప్రైవేటులో ప్రతి జ్వరానికీ ఇన్ఫెక్షన్ అనే పేరు ఒకటి ఉంటుంది. ఆ నాలుగు టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ సామాన్యమైన మందు కాదు, స్టెఫైలోకాకస్ లాంటి వాటిని కూడా చంపుతుంది. అది ఒంట్లో ఉండగా ఇంకో బ్యాక్టీరియా పెరిగిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మందులకు లొంగని టీబీ అయ్యుంటుంది. ముందు ఆ సంగతి తేల్చుకోండి.

ఛాతీ_డాక్టరమ్మ
మాస్టారు గారు రిఫాంపిసిన్ గురించి రాసింది నిజమే. కానీ ఆ ఒక్క మందును చూసి మొత్తం కోర్సును అంచనా వేయకూడదు. ఐసోనియాజిడ్, పైరాజినమైడ్, ఇథాంబుటాల్ ఈ మూడూ దాదాపుగా టీబీ జాతి క్రిముల మీదే పనిచేస్తాయి. బ్యాక్టీరియాను గ్రామ్ అనే రంగు పరీక్షతో పాజిటివ్, నెగటివ్ అని రెండు గుంపులు చేస్తారు. రిఫాంపిసిన్ గ్రామ్ పాజిటివ్ క్రిములను బాగా అణచగలదు కానీ క్లెబ్సియెల్లా, సూడోమొనాస్, ఎసినెటోబ్యాక్టర్ లాంటి గ్రామ్ నెగటివ్ వాటి మీద మనం ఇచ్చే మోతాదులో దానికి పెద్దగా పట్టు లేదు. కాబట్టి నాలుగు మందులు వాడుతున్నా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఇక ఎందుకు వస్తుందంటే, టీబీ ఊపిరితిత్తిని లోపల నుంచి పాడు చేస్తుంది. శ్వాసనాళాల గోడల మీద కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు దెబ్బతింటుంది. కొన్నిచోట్ల గుహల్లాంటి ఖాళీలు ఏర్పడతాయి, వాటిలో కఫం నిలిచిపోతుంది. నిలిచిన కఫంలో గొంతు నుంచి జారిన బ్యాక్టీరియా పెరుగుతుంది. పైగా మనిషి బక్కచిక్కి ఉంటాడు, షుగర్ ఉంటే రక్షణ కణాల పని ఇంకా మందగిస్తుంది. పొగ, మందు అలవాట్లు ఉంటే చెప్పనక్కర్లేదు.

అలాగని టీబీ రోగికి వచ్చిన ప్రతి జ్వరమూ ఇదే అనుకోకండి. మందుకు లొంగని టీబీ కావచ్చు. మందుల వల్లే జ్వరం రావచ్చు. క్రిములు చస్తున్నప్పుడు శరీరం ఎదురుతిరిగి కొద్ది రోజులు వాపు, జ్వరం పెరగవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ నీరో చీమో చేరవచ్చు. మామూలు డెంగ్యూ, మలేరియా కూడా వస్తాయి, టీబీ ఉందని అవి వదిలిపెట్టవు. మీరు రాసిన తీరు చూస్తే, అంటే ఉన్నట్టుండి చలి, చీము లాంటి కఫం, ఊపిరి తీస్తే నొప్పి, న్యుమోనియా వైపు అనుమానం సమంజసమే. టీబీ సాధారణంగా వారాల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. రాత్రికి రాత్రి ఇలా మీద పడటం తక్కువ. ఊపిరి వేగం, ఆక్సిజన్ ఎంతుందో చూశారా?

పల్నాటి_శ్రీను
వేలికి పెట్టే మిషన్‌లో 93 చూపించింది డాక్టరమ్మా. ఇంకో విషయం. టీబీ కేంద్రంలో తెమడ తీసుకుని కల్చర్‌కి, అదే క్రిమిని పెంచి చూసే పరీక్షకి కూడా పంపారు మొదట్లో. ఈ కొత్త బ్యాక్టీరియా ఉంటే దాంట్లో తెలిసేది కదా?

ఛాతీ_డాక్టరమ్మ
93 అంటే ఇంట్లో పెట్టుకోవద్దు. ఈ రోజే ఛాతీ డాక్టరున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. టీబీ కార్డు, మందుల స్ట్రిప్పులు, పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే అన్నీ సంచిలో పెట్టుకోండి. కల్చర్ సంగతి ల్యాబ్ వాళ్లు చెబితే బాగుంటుంది, రమణ గారూ ఉన్నారా?

ల్యాబ్_రమణ
ఉన్నానండి. ఈ ప్రశ్న మా కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతారు. టీబీ కల్చర్‌లో వేరే బ్యాక్టీరియా కనబడదు, కనబడకుండా మేమే చేస్తాం. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ద్రవ మాధ్యమంలో కూడా ఏమీ రాలేదని చెప్పడానికి 42 రోజులు ఆగాలి, ఎల్‌జే అనే గట్టి మాధ్యమంలో 8 వారాలు. మామూలు బ్యాక్టీరియా ఒక్క రాత్రిలో ట్యూబంతా కమ్మేస్తుంది. అందుకని తెమడను ముందు సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపి కాసేపు ఉంచుతాం. వరి మడిలో కలుపు మందు కొట్టినట్టు అనుకోండి. మిగతా క్రిములు చస్తాయి, టీబీ క్రిమికి మైనపు పొర ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అది చాలదన్నట్టు ద్రవ మాధ్యమంలో ఐదు రకాల మందులు కలిపి పోస్తాం, తప్పించుకున్నవాటిని ఆపడానికి. ఎల్‌జేకి ఉండే ఆ పచ్చ రంగు కూడా మాలకైట్ గ్రీన్‌ది, అది వేరే బ్యాక్టీరియాను పెరగనివ్వదు.

సీబీనాట్, ట్రూనాట్ అనే టీబీ పరీక్షలు కూడా అంతే. అవి టీబీ క్రిమి జన్యువును, రిఫాంపిసిన్‌కు లొంగుతుందా లేదా అన్నదాన్ని మాత్రమే వెతుకుతాయి. క్లెబ్సియెల్లా కుప్పలుగా ఉన్నా వాటికి పట్టదు.

కాబట్టి వేరే డబ్బాలో వేరే నమూనా ఇవ్వాలి. చీటీ మీద గ్రామ్ స్టెయిన్, మామూలు బ్యాక్టీరియా కల్చర్, సెన్సిటివిటీ (క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసేది) అని రాయించుకోండి. కొత్త యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే ఇస్తే మంచిది. మనిషికి ఆయాసంగా ఉంటే మాత్రం దీనికోసం మందు ఆలస్యం చేయకూడదు. పొద్దున్నే నీళ్లతో నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన కఫం కావాలి. ఉమ్మి ఇస్తే మేం తిప్పి పంపేస్తాం. మైక్రోస్కోప్‌లో చీము కణాలు ఎక్కువ, నోటి పొర కణాలు తక్కువ ఉంటేనే ఆ నమూనాకు విలువ.

నిమ్మసోడా
ఇంతకాలం టీబీ కల్చర్ నెగటివ్ అంటే ఛాతీలో ఏ క్రిమీ లేదనే అనుకునేదాన్ని. ఈ పోస్టు పైకి అతికించి పెట్టాలి.

మందులషాపు_మూర్తి
లీవోఫ్లాక్సాసిన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. మా షాపులో జ్వరం, దగ్గు అని చెప్పి అడిగి తీసుకెళ్లే మందుల్లో అదొకటి. 2014 మార్చి 1 నుంచి అది షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. లేబుల్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది, మందు పేరు, రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్‌లో ఎక్కించాలి. టీబీ మందులూ ఆ జాబితాలోనే ఉన్నాయి. చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క షాపుకి పోతామని గొడవపడతారు. నేను ఇవ్వను. కానీ సెన్సిటివిటీ రిపోర్టులో లీవో పనిచేస్తుందని వస్తే? అప్పుడు కూడా వద్దంటారా డాక్టరమ్మా? చవక మందు, బిళ్లగా దొరుకుతుంది.

ఛాతీ_డాక్టరమ్మ
అప్పుడు కూడా వేరే దారి ఉంటే వేరే దారే పడతాను. మొండి టీబీకి, అంటే మందులకు లొంగని టీబీకి మన దగ్గరున్న ముఖ్యమైన ఆయుధాల్లో లీవో, దాని జాతిదే అయిన మోక్సీ (మోక్సిఫ్లాక్సాసిన్) ఉన్నాయి. ఐసోనియాజిడ్‌కు లొంగని టీబీకి ఆరు నెలల కోర్సులో లీవో వాడతారు. మొండి టీబీకి 2024లో మన దేశంలో అనుమతి వచ్చిన బీపాల్ఎం అనే కోర్సులో మోక్సీ ఉంది. ఇవి టీబీ క్రిమినీ కొడతాయి. టీబీ ఉందని తెలియని మనిషికి న్యుమోనియా అనుకుని వారం లీవో ఇస్తే జ్వరం తగ్గుతుంది, దగ్గు కాస్త సర్దుకుంటుంది, తెమడలో క్రిములు తగ్గి టెస్టు కూడా తప్పుదోవ పట్టవచ్చు. మనిషి ఇంటికెళ్లిపోతాడు. నెల తర్వాత మరింత ముదిరి వస్తాడు, అప్పటికి ఆ క్రిమి లీవోకి అలవాటు పడే ప్రమాదం ఉంటుంది.

ఇక టీబీ మందులు వాడుతున్న మనిషి దగ్గర ఇంకో చిక్కు. ఆయన టీబీ లోలోపల మందులకు లొంగడం లేదనుకోండి. పనిచేయని కోర్సుకు ఒక్క మందు మాత్రమే చేర్చడం టీబీ వైద్యంలో చేయకూడని పని. ఆ ఒక్కదాన్నీ పోగొట్టుకుంటాం. టీబీ బిళ్లలు ఆపేసి లీవో ఒక్కటే ఇవ్వడం అంతకంటే పెద్ద ప్రమాదం. శ్రీను గారి ఆర్‌ఎంపీ చెప్పింది సరిగ్గా అదే.

పీజీ_కుర్రాడు
మేడమ్, కొద్దిగా తేడా. ఐసీయూలో ఉన్న రోగికి రిపోర్టులో మిగతావన్నీ పనికిరావని వచ్చి, లీవో ఒక్కటే పనిచేస్తుందంటే వాడక తప్పదు కదా. మా వార్డులో అలాంటి రిపోర్టులు చూస్తున్నాం. ఎసినెటోబ్యాక్టర్ వస్తే చేతిలో ఏమీ మిగలడం లేదు. టీబీ కోసం దాచి పెట్టి మనిషిని పోగొట్టుకోలేం.

ఛాతీ_డాక్టరమ్మ
ఒప్పుకుంటాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు టీబీ నిపుణులతో మాట్లాడి, మొండి టీబీ పరీక్షలకు నమూనా పంపి, అప్పుడు వాడతాం. నేను వద్దంటున్నది ఊళ్లో గుడ్డిగా రాసే లీవోని. రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది.

రిటైర్డ్_మాస్టారు
డాక్టరమ్మ గారి వివరణ బాగుంది, గ్రామ్ నెగటివ్ సంగతి కొత్తగా తెలుసుకున్నాను. అయినా ఒక సందేహం వదలడం లేదు. కఫంలో ఏదో ఒక బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది కదా. కల్చర్‌లో వచ్చిన ప్రతిదానికీ మందు కొడితే ఎలా? మా అన్నయ్యకి టీబీ తగ్గిన చాలా ఏళ్లకు సూడోమొనాస్ వచ్చిందని ఖరీదైన ఇంజెక్షన్లు ఇచ్చారు. అప్పుడు ఆయనకి జ్వరం లేదు, ఆయాసం పెరగలేదు. ఎందుకిచ్చారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_రమణ
మాస్టారూ, ఇది చాలా మంచి ప్రశ్న. క్రిమి ఉండటం వేరు, క్రిమి జబ్బు చేయడం వేరు. మేం రిపోర్టు ఇస్తాం కానీ మనిషిని చూడం. రిపోర్టుకి కాదు, మనిషికి వైద్యం చేయాలి.

ఛాతీ_డాక్టరమ్మ
అవును. కొత్తగా జ్వరం, కఫం రంగు, పరిమాణం మారడం, ఆయాసం పెరగడం, ఎక్స్‌రేలో ఇంతకుముందు లేని మచ్చ. ఇవి ఉంటే రిపోర్టులో వచ్చిన క్రిమికి బరువుంటుంది. ఏమీ లేకుండా పాడైన నాళాల్లో ఏళ్ల తరబడి ఉండిపోయే సూడోమొనాస్‌కి ప్రతిసారీ ఇంజెక్షన్ అక్కర్లేదు. రక్తంలో తెల్లకణాలు బాగా పెరిగితే కొంత ఆధారం, ఎందుకంటే టీబీలో అవి తరచూ మామూలుగానే ఉంటాయి. సీఆర్‌పీ అనే రక్త పరీక్ష మాత్రం రెండింట్లోనూ పెరుగుతుంది, దాన్ని పట్టుకుని తేల్చలేం.

కాకినాడ_సీత
మాస్టారి అన్నయ్యగారి లాంటి ఛాతీయే నాది. టీబీ పూర్తిగా తగ్గింది, తెమడ పరీక్షలు అన్నీ నెగటివ్. కానీ ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో నాళాలు వెడల్పయి అలాగే ఉండిపోయాయి, బ్రాంకియెక్టాసిస్ అన్నారు. చలికాలం వచ్చిందంటే కఫం పచ్చబడుతుంది. ప్రతిసారీ చుట్టాలు టీబీ తిరగబెట్టిందా అని అడుగుతారు, పిల్లల్ని నా దగ్గరికి రానివ్వరు. అది నన్ను జబ్బు కంటే ఎక్కువ బాధపెడుతుంది. ఇది అంటుకునే టీబీ కాదు, ఆ పాడైన చోట చేరే మామూలు బ్యాక్టీరియా అని ఎన్నిసార్లు చెప్పాలి? నాకు బాగా పనికొచ్చింది ఫిజియోథెరపీ. మంచం అంచున బోర్లా పడుకుని, తల కిందికి పెట్టి, వీపు మీద తట్టించుకుని రోజూ కఫం తీసేయడం. అది మొదలుపెట్టాక యాంటీబయాటిక్స్ చాలా తగ్గాయి. ఒక డాక్టర్ అజిత్రోమైసిన్ వారానికి మూడుసార్లు నెలల తరబడి వాడమన్నారు, అది మంచిదేనా?

ఛాతీ_డాక్టరమ్మ
సీత గారూ, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లకి ఆ పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ మొదలుపెట్టేముందు తెమడలో టీబీ కాని మైకోబ్యాక్టీరియా, అంటే టీబీ క్రిమికి చుట్టాలైన వేరే క్రిములు లేవని తేల్చుకోవాలి. అవి ఉండగా అజిత్రో ఒక్కటే ఇస్తే మందు చేజారిపోతుంది. ఈసీజీ కూడా తీయించుకోండి. ఎప్పుడైనా కఫంలో రక్తం పడితే ఆగకుండా రండి. పాత గుహల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గూడు కట్టుకోవచ్చు. దానికి రక్తంలో యాంటీబాడీ పరీక్ష, స్కాన్ ఉన్నాయి, వైద్యం వేరు.

గల్ఫ్_అన్న
సీతమ్మ చెప్పిన బాధ మాకు ఇంకో రకంగా ఉంటుంది. మా జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు మెడికల్‌లో ఎక్స్‌రే తీస్తారు. పాత టీబీ మచ్చ కనబడితే తెమడలో ఏమీ లేకపోయినా అన్‌ఫిట్ రాసేస్తారు. అందుకని మావోళ్లు దగ్గు వస్తే చెప్పుకోరు, గదిలోనే ఏదో బిళ్ల మింగి పనికి పోతారు. అది టీబీయో న్యుమోనియానో తేలేసరికి ముదిరిపోతుంది. జబ్బు దాచుకునే పరిస్థితి మారకపోతే ఈ టెస్టులన్నీ ఎవరికి?

గుంటూరు_గోంగూర
ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మెలియాయిడోసిస్. 2025లో మా గుంటూరు దగ్గర తురకపాలెంలో వరసగా మనుషులు పోయినప్పుడు పేపర్లలో ఈ అనుమానమే మోగిపోయింది. మట్టిలో, నిలవ నీళ్లలో ఉండే బ్యాక్టీరియా అంట. షుగర్ ఉన్న రైతులకి ఎక్కువ ప్రమాదం అని మా పీహెచ్‌సీ డాక్టర్ చెప్పారు. శ్రీను గారి బావగారు పొలం పనిచేస్తారా?

ల్యాబ్_రమణ
గోంగూర గారు చాలా అవసరమైన మాట చెప్పారు. ఆ జబ్బు ఎక్స్‌రేలో అచ్చం టీబీలా కనబడుతుంది. పైభాగంలో మచ్చ, గుహ, బరువు తగ్గడం, నెలల తరబడి జ్వరం. టీబీ మందులకు అది తగ్గదు. కల్చర్‌లో పెరిగినా కొన్ని ల్యాబుల్లో సూడోమొనాస్ అనో, పనికిరాని కలుషితం అనో రాసేస్తారు. తెమడ ఒక్కటే కాదు, రక్తం కూడా కల్చర్‌కి పంపాలి. షుగర్ రోగి, వానాకాలం, మడి పని ఈ మూడూ కలిస్తే చీటీ మీద ఆ అనుమానం రాసి పంపమని డాక్టర్‌ని అడగండి. మాకు ముందే తెలిస్తే వెతికే పద్ధతి మారుతుంది, మేమూ జాగ్రత్తగా ఉంటాం.

ఛాతీ_డాక్టరమ్మ
వైద్యం కూడా పూర్తిగా వేరు. మొదట కనీసం పది పద్నాలుగు రోజులు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత కనీసం మూడు నెలలు కోట్రైమోక్సజోల్ బిళ్లలు. వారం వాడి ఆపేస్తే తిరగబెడుతుంది.

మదనపల్లి_రఘు
మా తాతగారు ఆరోగ్యవరం శానటోరియంలో ఉన్న మనిషి. 1912లో మొదలైన సంస్థ అది, మా ఊరి పక్కనే. అప్పట్లో ఒక ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసేవారట. ఆ ఖాళీలో ఒక్కోసారి చీము పట్టేదని, అది పట్టిన మనిషి ఇంటికి వెళ్లేది అనుమానమేనని ఆయన చెప్పేవారు. మందుల్లేని రోజుల్లో టీబీ ఒకటే కాదు, దాని వెనక వచ్చేవి కూడా చంపేవి.

పీజీ_కుర్రాడు
రఘు గారూ, చీము పట్టడం ఇప్పటికీ చూస్తున్నాం. టీబీ వల్ల ఊపిరితిత్తి చిల్లుపడి గాలీ చీమూ కలిసి చేరతాయి, అందులో టీబీ క్రిమితో పాటు వేరేవి కూడా పెరుగుతాయి. బిళ్లలతో ఆరదు. గొట్టం వేసి బయటికి తీయాలి. శ్రీను గారి బావగారికి డొక్కలో నొప్పి అన్నారు కాబట్టి అల్ట్రాసౌండ్ చేయించమని అడగండి.

పల్నాటి_శ్రీను
గుంటూరులో ఆస్పత్రిలో చేర్పించాం. ఆక్సిజన్ పెట్టారు. అల్ట్రాసౌండ్‌లో కొద్దిగా నీరు ఉంది, చీము కాదన్నారు. రమణ గారు చెప్పినట్టే వేరే డబ్బాలో తెమడ, రక్తం పంపారు. పొలం పనిచేస్తారు, ఆ సంగతి కూడా చెప్పాం, డాక్టర్ గారు చీటీ మీద రాశారు. షుగర్ మూడు వందలు దాటింది. ఇంట్లో బిళ్లలు సరిగ్గానే వేసుకుంటున్నారు, అయినా ఎందుకు పెరిగిందో తెలియడం లేదు.

మందులషాపు_మూర్తి
ఏ షుగర్ బిళ్ల? గ్లిమెపిరైడ్ లాంటిదైతే రిఫాంపిసిన్ దాన్ని కాలేయంలో తొందరగా కరిగించేస్తుంది. బిళ్ల అదే, మోతాదు అదే, పని మాత్రం తగ్గిపోతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా షుగర్ పెరుగుతుంది. రెండూ కలిశాయి. గుండెకి రక్తం పలచబరిచే వార్ఫరిన్, గర్భనిరోధక బిళ్లలు, క్లారిత్రోమైసిన్ వీటన్నిటికీ ఇదే గతి. అందుకే కొత్త మందు రాసే ప్రతి డాక్టర్‌కీ టీబీ బిళ్లల సంగతి చెప్పాలి.

ఛాతీ_డాక్టరమ్మ
మూర్తి గారు సరిగ్గా చెప్పారు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఇన్సులిన్‌తో అదుపు చేయడం మేలు. షుగర్ దిగకపోతే ఏ యాంటీబయాటిక్ అయినా సగమే పనిచేస్తుంది.

క్షయ_కార్యకర్త
నేను మండలంలో టీబీ పర్యవేక్షణ పని చేస్తాను. కొన్ని మాటలు. తమిళనాడులో 2022 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. టీబీ అని తేలిన రోజే ప్రతి రోగికీ కొన్ని చూస్తారు. బరువు మరీ తక్కువా, పాదాల వాపు ఉందా, నిమిషానికి 24 కన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నారా, ఆక్సిజన్ 94 కన్నా తక్కువా, పట్టుకోకుండా నిలబడగలరా. వీటిలో తేడా ఉంటే ఇంటికి పంపకుండా ఆస్పత్రిలో చేరుస్తారు. టీబీతో పోయేవాళ్లలో చాలామంది మొదటి రెండు నెలల్లోనే పోతారు. ఈ లెక్కలు ఇంట్లో కూడా చూడొచ్చు. వాచీ, వేలికి పెట్టే మిషన్ ఉంటే చాలు. జ్వరం తిరిగొస్తే మీ కార్యకర్తకు వెంటనే చెప్పండి, 1800116666 ఉచిత నంబరు కూడా ఉంది.

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బులు 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు అయ్యాయి, బ్యాంకు ఖాతా సరిగ్గా ఎక్కించారా చూసుకోండి. జార్ఖండ్‌లో 2019లో మొదలైన రేషన్స్ అనే పరిశోధనలో రోగుల ఇళ్లకు తిండి సరుకులు ఇస్తే ఆ ఇంట్లో మిగతావాళ్లకు టీబీ రావడం దాదాపు నలభై శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు కూడా బాగా తక్కువ. గుడ్డు, పప్పు, వేరుశనగ ఏది అందితే అది పెట్టండి. పత్యం పేరుతో చారన్నం మీద ఉంచకండి.

ఓరుగల్లు_వేణు
మా అమ్మమ్మ పత్యం లిస్టులో గుడ్డు, చేప, పెరుగు, వంకాయ, గుమ్మడికాయ అన్నీ బందే. మిగిలింది ఒక్క బియ్యం. కాక తిట్టి మరీ గుడ్డు తిన్నాడు, అమ్మమ్మ ఇంకా అలిగే ఉంది.

నిమ్మసోడా
అమ్మమ్మకి ఈ పోస్టు చదివి వినిపించండి వేణూ, గుడ్డు తానే ఉడకబెడుతుంది.

పల్నాటి_శ్రీను
రిపోర్టు వచ్చింది. తెమడలో క్లెబ్సియెల్లా న్యుమోనియే. రక్తంలో ఏమీ పెరగలేదు, మెలియాయిడోసిస్ కాదన్నారు. టీబీ తెమడ పరీక్షలో క్రిములు కనబడలేదు, మందులు పనిచేస్తున్నాయనే అంటున్నారు, కల్చర్ మళ్లీ పంపారు. క్లెబ్సియెల్లాకి లీవో, అమికాసిన్, ఇంకో రెండు ఇంజెక్షన్లు పనిచేస్తాయని రాసుంది. డాక్టర్ గారు లీవో వద్దని ఇంజెక్షన్ ఎంచుకున్నారు. టీబీ బిళ్లలు ఒక్క రోజు కూడా ఆపలేదు. జ్వరం దిగుతోంది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. సీబీనాట్ ఇంకోసారి చేయించాలా, మళ్లీ పాజిటివ్ వస్తుందేమోనని అక్క భయపడుతోంది.

ల్యాబ్_రమణ
సీబీనాట్ చచ్చిన క్రిముల జన్యువును కూడా పట్టుకుంటుంది. మందులు పనిచేస్తున్నా కొంతకాలం పాజిటివ్ వస్తుంది. అందుకే వైద్యం ఎలా సాగుతుందో చూడటానికి దాన్ని వాడరు, తెమడ మైక్రోస్కోప్ పరీక్ష, కల్చర్ చూస్తారు. మందుకు లొంగడం లేదన్న అనుమానం ఉంటే మాత్రం మీ డాక్టర్ రాస్తారు, అప్పుడు చేయించండి.

ఛాతీ_డాక్టరమ్మ
మంచి కబురు శ్రీను గారూ. టీబీ బిళ్లలు కాలేయం మీద భారమే, కాబట్టి కళ్లు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా, అన్నం అస్సలు సయించకపోయినా కాలేయ పరీక్ష చేయించండి. మూత్రం ఎర్రగా నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్ల, దానికి భయపడొద్దు. ఛాతీ తేరుకున్నాక ఫ్లూ టీకా ఏటా, న్యుమోకాకల్ టీకా డాక్టర్‌ని అడిగి వేయించండి. అవి క్లెబ్సియెల్లాని ఆపవు కానీ, ఇలాంటి ఊపిరితిత్తికి ఇంకో దెబ్బ తగలకుండా చూస్తాయి. కోర్సు పూర్తయ్యాక కూడా ఒక ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి దాచుకోండి. తర్వాత ఎప్పుడైనా దగ్గు వస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

రిటైర్డ్_మాస్టారు
శ్రీను గారూ, సంతోషం. మా అన్నయ్య పాత రిపోర్టులు బయటికి తీశాను, వచ్చే వారం ఆయన్ని ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. రమణ గారూ, చీము కణాల సంఖ్య రిపోర్టులో ఎక్కడ రాస్తారు?

ల్యాబ్_రమణ
గ్రామ్ స్టెయిన్ అన్న శీర్షిక కింద మాస్టారూ, పస్ సెల్స్, ఎపిథీలియల్ సెల్స్ అని రెండు వరసలు ఉంటాయి. ఆ వరసలు లేకుండా క్రిమి పేరు మాత్రమే ఉంటే ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి. అడిగే హక్కు మీకుంది.

పల్నాటి_శ్రీను
ఇంకొకటి. ఈ క్లెబ్సియెల్లా అక్కకి, పిల్లలకి అంటుకుంటుందా? చిన్నవాడికి నాలుగేళ్లు.

క్షయ_కార్యకర్త
మామూలుగా ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి క్లెబ్సియెల్లా గురించి మందులేమీ అక్కర్లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు. చూడాల్సింది టీబీ గురించి. బావగారికి టీబీ అని తేలినప్పుడే ఇంట్లో అందరికీ పరీక్ష జరిగి ఉండాలి. జరగకపోతే ఈ వారమే మీ కేంద్రానికి అందరినీ తీసుకెళ్లండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయేమో అడుగుతారు, ఎక్స్‌రే తీస్తారు. టీబీ లేదని తేలాక రాకుండా ఉండే మందు ఉచితంగా ఇస్తారు. ఐసోనియాజిడ్ ఆరు నెలలు రోజూ ఒకటి, లేదంటే రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 వారాలు. ఏది ఎవరికన్నది వయసు, బరువు చూసి డాక్టర్ చెబుతారు. ఐదేళ్లలోపు పిల్లలకి టీబీ త్వరగా ముదురుతుంది కాబట్టి చిన్నవాడిని మొదటి రోజే తీసుకెళ్లండి.